ఎవరూ ఎత్తుకోని పోగు

చోడిపల్లి దేముడమ్మ ఎండేసిన చేపల మీద పడిన బూడిద ఏ దేశానిదో తేల్చడానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘం మొట్టమొదట చేసిన పని, ఆ బూడిదను ఎవరూ ముట్టుకోకూడదని ఉత్తర్వు వెయ్యడం. బూడిద చేపల మీద ఉంది కనక చేపలనూ ముట్టుకోకూడదు. చేపలు ఇసుక మీద ఉన్నాయి కనక ఆ ఇసుక మీద అడుగూ పెట్టకూడదు. ఇంత తర్కబద్ధమైన ఉత్తర్వు గవ్వలపాలెం పుట్టినప్పటినుంచి రాలేదు.

గవ్వలపాలెం సముద్రం ఒడ్డున డెబ్భై గడపల ఊరు. ఊరికి ఉత్తరాన మైలు దూరంలో బొగ్గు కాల్చి కరెంటు తీసే కంపెనీ ఉంది. దాని పొగగొట్టం ఎంత ఎత్తంటే, వేటకి వెళ్ళినవాళ్ళు దాన్ని గుర్తు పెట్టుకునే తిరిగి ఒడ్డు చేరతారు. ఆ సంగతి కంపెనీవారు 'మత్స్యకారులకు మేము చేస్తున్న సేవలు' అన్న శీర్షిక కింద ఏటా అచ్చు వేసుకుంటారు. కరెంటు తీగలు ఊరి నెత్తి మీదుగానే వెళ్తాయి. ఊళ్ళోకి దిగే తీరిక మాత్రం వాటికి రోజుకి నాలుగైదు గంటలకు మించి దొరకదు.

దేముడమ్మ కోరింది చాలా చిన్నది. ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు వేట నిషేధం. అది మొదలయ్యే లోపల పట్టిన చేపల్ని ఉప్పు పట్టించి ఎండబెట్టుకుంటేనే ఆ రెండు నెలలూ ఇంట్లో ఆరుగురికి తిండి. ఈసారి ఆఖరి రోజుల్లో ఆమె మొగుడు ఎల్లాజీ పడవకి సావళ్ళు, ఆ పొడుగాటి వెండి చేపలు, విరగబడ్డాయి. వాటికి నాలుగెండలు తగలాలి. ఒక ఎండ తగిలిందో లేదో, పొగగొట్టం నుంచి బూడిద జల్లు మొదలైంది. ఉప్పుతడి మీద పడిన బూడిదను ఎప్పటికప్పుడు దులపకపోతే చేపలోకి దిగిపోతుంది. అప్పుడు ఆ చేపను పిల్లి కూడా వాసన చూడదు. గొట్టం లోపల బూడిదను పట్టేసే మిషను ఒకటుందనీ, అది తినే కరెంటు మిగుల్చుకోవడానికి కంపెనీ వారు దాన్ని ఆపి ఉంచుతున్నారనీ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. 'చేపలెండే నాలుగు రోజులు ఆ మిషను ఆడించమని చెప్పండి' అని దేముడమ్మ సోమవారం అర్జీల రోజున రాయించి ఇచ్చింది. అంతకు మించి ఒక్క ముక్క అడగలేదు.

కంపెనీ జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. బూడిద తమది కాదన్నారు. బొగ్గు ఒక దేశంలో తవ్వినది, ఓడల మీద వస్తుంది. బాయిలరు ఇంకో దేశంలో పోత పోసినది. తయారైన కరెంటు ఒక ఎగుమతి ఫ్యాక్టరీకి పోతుంది. అక్కడ మూడో దేశం వాళ్ళు తొడుక్కునే చలికోట్లు కుడతారు. మధ్యలో తమదంటూ ఉన్నది స్థలం ఒక్కటే, స్థలానికి పొగ రాదు కదా, అని వినయంగా రాశారు.

మామూలు రోజుల్లో అయితే ఈ అర్జీ, ఈ జవాబు ఒకే దారంతో కట్టించుకుని ఏ బీరువాలోనో సుఖంగా పడుకునేవి. కానీ ఆ వారమే పక్క పట్నంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద హోటల్లో 'వాతావరణ బాధ్యతల పంపకాల మహాసభ' జరుగుతోంది. నలభై దేశాల వాళ్ళు పదకొండు రోజులుగా కూర్చుని, లోకంలో పొగంతా ఎవరిదన్న మొదటి అంశం దగ్గరే ఆగిపోయారు. మన తరపు ప్రత్యేకాధికారి గంటి విశ్వపతిరావు గారికి ఈ అర్జీ దేవుడు పంపిన కబురులా కనిపించింది.

"ప్రపంచపు పొగను ఒకేసారి పంచుట దుస్సాధ్యము. ప్రయోగాత్మకముగా ఒక ఇసుక తిన్నెపై నున్న బూడిదను పంచి, ఆ నమూనాను విశ్వవ్యాప్తము గావింతము!" అని ఆయన సభలో ప్రతిపాదించారు. పదకొండు రోజులుగా ఏసీలో బిగుసుకుపోయిన వాళ్ళకి బయటికి వెళ్ళే సందు దొరికింది. వెంటనే ఒప్పుకున్నారు. 'భస్మ స్వామిత్వ నిర్ధారణ సంఘం' అలా పుట్టింది.

మంగళవారం పొద్దున్నే ఊరి రెవెన్యూ అధికారి సింహాద్రి కొబ్బరితాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. అతనిదీ చేపలు పట్టే కుటుంబమే, పక్క పేట. నాలుగు మూలలా కర్రలు పాతి, దేముడమ్మ చేపల చుట్టూ తాడు కట్టడం మొదలుపెట్టాడు.

"ఏటి తమ్ముడా, నా సేపలకి తాడు కట్టేస్తన్నావు? ఎక్కడికన్నా పారిపోతాయనా?" అంది దేముడమ్మ.

"నాకేటి తెలుసప్పా! పైనుంచి రాత వచ్చింది. సంఘమోళ్ళు వచ్చి సూసేదాకా ఏదీ కదపకూడదంట."

"తిరగెయ్యాల గదరా! లేపోతే అడుగుపక్క మెత్తబడి పురుగు పట్టేస్తాది."

సింహాద్రి జేబులోంచి కాగితం తీసి వెతికాడు. అధికారులు దానికీ ఒక పేరా కేటాయించారు. "తిరగేసిన పక్షంలో పైనున్న బూడిద కిందికిని, కిందనున్న ఇసుక పైకిని చేరి సాక్ష్యము తారుమారగును" అని చదివాడు.

"మరి కాకులు తన్నుకుపోతన్నాయి. కాకుల్నన్నా తోలుకోవచ్చునా?"

"తోలితే రెక్కల గాలికి బూడిద లేస్తాదంటప్పా."

"కాకులకి రాలేదా ఈ రాత?"

సింహాద్రి తాడు ముడి మళ్ళీ బిగించాడు. తరువాత అయిదుగురు పెద్దమనుషుల్ని పిలిచి పంచనామా రాశాడు. రంగు అన్న చోట 'బూడిదరంగు' అని రాస్తే, విశ్వపతిరావు గారు అది ముందే తీర్పు చెప్పినట్టవుతుందని కొట్టేసి, 'విచారణలో తేలవలసి ఉన్నది' అని స్వహస్తాలతో దిద్దారు.

బుధవారం సంఘం దిగింది. ఇసుక మీద పెద్ద గుడారం వేశారు. గుడారం చల్లగా ఉండాలి కనక దాని వెనక డీజిలు జనరేటరు పెట్టారు. అది ఊరి వైపు తిరిగి నల్లగా పొగ వదులుతుంటే, మరి ఈ పొగ మాటేమిటని ఎవరో అడిగారు. అది 'సభా నిర్వహణ పొగ' అనీ, చర్చ పరిధిలోకి రాదనీ విశ్వపతిరావు గారు వివరించారు. గుడారంలో ముగ్గురు ప్రతినిధులు కూర్చున్నారు. బొగ్గు దేశం పెద్దాయన, బాయిలరు దేశం ఆయన, చలికోట్ల దేశం దొరసాని. వాళ్ళ పేర్లు నోరు తిరగక ఊళ్ళో వాళ్ళు వాళ్ళని బొగ్గాయన, బాయిలరాయన, కోటమ్మ అని పిలుచుకున్నారు.

అంతకన్నా పెద్ద విశేషం ఇంకొకటి జరిగింది. పరదేశాల నుంచి పెద్దలు వస్తున్నారని తెలిసి కంపెనీవారు భయపడి, ఎప్పుడూ ఆడని బూడిద మిషను తెల్లవారేసరికి ఆడించేశారు. దేముడమ్మ గుమ్మంలోకి వచ్చి చూస్తే గొట్టం మీద ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. ఆమెకి కడుపు నిండిపోయింది. సర్కారు వాళ్ళని ఊరికే తిట్టుకున్నానే అనుకుని లెంపలు కూడా వేసుకుంది.

సభ మొదలైంది. బొగ్గాయన లేచి, తాము అమ్మింది రాయి మాత్రమేననీ, దాన్ని కాల్చమని ఏ ఒప్పందంలోనూ రాయలేదనీ చెప్పాడు. కొన్నవాళ్ళు దాన్ని బల్ల మీద అలంకారంగా పెట్టుకుని ఉంటే ఈ గొడవే లేదన్నాడు. బాయిలరాయన, తమ బాయిలరు రేవు దాటినప్పుడు మంచులా చల్లగా ఉందనీ, ఆ మేరకు తన దగ్గర రసీదు ఉందనీ చూపించాడు. కోటమ్మ, తమ దేశంలో పొగగొట్టాలన్నీ ఎప్పుడో మూసేశామనీ, ఇప్పుడు అక్కడ గాలి పీలిస్తే పూలవాసన వస్తుందనీ చెప్పింది. కోట్లు తొడుక్కోవడం తప్ప తమకేమీ తెలియదంది.

"మీ తాతల కాలంలో మీరు వదిలిన పొగ మాటేమిటి?" అని బొగ్గాయన ఎత్తిపొడిచాడు.

"అది పురావస్తువు. దానిని మ్యూజియంలో చూడవలెను గాని సభలో తీయరాదు" అంది కోటమ్మ.

అప్పుడు మన విశ్వపతిరావు గారు లేచారు. ఆయన ఉపన్యాసం వినాలంటే పెట్టి పుట్టి ఉండాలి. గొంతు సవరించుకుని, తాడు బయట నిలబడ్డ దేముడమ్మను వేలితో చూపించారు.

"అమ్మా, నీ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లు ఉన్నవి?"

"ఒకటి బాబూ. కరెంటుంటే తిరుగుతాది."

"వింటిరా!" అని ఆయన సభ వైపు తిరిగి చెయ్యెత్తారు. "తలసరి విభజించి చూచిన, ఈ మాతృమూర్తి తన వాటా పొగలో నూరవ వంతునైనను వదలలేదు. ఆమె పొగ ఇంకను ఆమె యందే అణగియున్నది. దానిని వదలుకొను పవిత్ర హక్కును భూమండలమున ఏ శక్తియు అడ్డగింపజాలదు!"

"నాకు పొగొద్దు బాబూ. ఆ మిషను ఇలాగే ఆడిస్తే సాలు" అంది దేముడమ్మ.

"ఆమె వినయమును గమనింపుడు" అని ఆయన కూర్చున్నారు. చప్పట్లు పడ్డాయి.

గురువారం బూడిదను పరీక్షించడానికి తలా ఒక చెంచా తీసుకున్నారు. ముగ్గురి పరీక్షల్లోనూ అది తమ దేశానిది కాదని వెంటనే తేలింది. ఆ మూడు ఫలితాలూ సరిచూడడానికి తాజా బూడిద కావలసి వచ్చింది. సంఘం అంతా మెడలు ఎత్తి గొట్టం వైపు గంటసేపు చూసింది. ఏమీ పడలేదు. మిషను శుభ్రంగా పట్టేస్తోంది. విశ్వపతిరావు గారి నుదుట చెమట పట్టింది.

"ఇది విచారణకు విఘాతము! కంపెనీవారు సాక్ష్యమును పుట్టకముందే నాశనము చేయుచున్నారు" అని ఆయన అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. బూడిద ఎవరిదో తేలేవరకు బూడిద పట్టే మిషనును ఆడించరాదు.

చదివి వినిపించమని దేముడమ్మ అడిగితే సింహాద్రి తల వంచుకుని చదివాడు. ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇసుక మీద కూలబడింది. ఆడించమని తను అర్జీ పెట్టిన మిషనును, ఆ అర్జీ పేరు చెప్పే ఆపేశారు. ఇంట్లో బియ్యం డబ్బా, దాని పక్కన ఖాళీగా ఉన్న చేపల కుండలు ఆమెకి కళ్ళ ముందు కనిపించాయి. ఎల్లాజీకి ఏం చెప్పాలో తోచక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

శుక్రవారానికి కోరినంత సాక్ష్యం కురిసింది. చేపల మీద పడింది, నీళ్ళ బిందెల్లో పడింది, దేముడమ్మ జుట్టులో పడింది. ఆమె తల కూడా వివాదాస్పద స్థలమే అవుతుందా అని సంఘం కాసేపు చర్చించి, తీర్పు వచ్చేదాకా తలంటుకోవద్దని ఆమెకు సూచించింది. ఆమెకి దగ్గు వచ్చింది. కొంత సాక్ష్యం లోపలికి పోయినట్టు సంఘం గుమాస్తా రాసుకున్నాడు.

సంఘానికి కూడా బూడిద తప్పలేదు. కోటమ్మ తెల్లకోటు మీద గుప్పెడు రాలింది. ఆవిడ గబగబా లేచి దులిపేసుకుంది. బొగ్గాయన టోపీ తీసి విదిలించాడు. బాయిలరాయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"తమ్ముడా, వోళ్ళు దులుపుకోవచ్చునా?" అని దేముడమ్మ మెల్లగా అడిగింది.

"వోళ్ళకి దౌత్య రక్షణ ఉందంటప్పా."

అప్పుడు దేముడమ్మకి తిక్కరేగింది. అయిదు రోజులుగా బాబూ, బాబూ అని తిరిగిన మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్డులో దోపి, తాడు దాటి లోపలికి నడిచింది. గుమాస్తా కెవ్వుమన్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఒక్కొక్క చేపనే ఎత్తి, పాత తెరచాప ముక్క మీద దులపడం మొదలుపెట్టింది. సగం చేపలు అప్పటికే చేతిలో పట్టుకుంటే జారిపోతున్నాయి. మిగతా సగాన్ని గంపలో వేసింది. బూడిదంతా పోగుచేసి గుడారం ముందుకు ఈడ్చుకొచ్చింది.

"ఎవులిదో తేలాల, అంతే గదా? మాకు రోజూ తేల్తాది. సూడండి!"

ఉమ్మడి వల లాగినప్పుడు గవ్వలపాలెంలో చేపలు పంచే తీరు ఒకటుంది. ఎంతమంది ఉంటే అన్ని పోగులు పెడతారు. ఒకడు పోగులకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. ఇంకొకరు ఏదో ఒక పోగు మీద చెయ్యి పెట్టి ఇది ఎవరికని అడుగుతారు. వీపు తిరిగినవాడు పేరు చెబుతాడు. చెప్పినవాడికి పోగు కనపడదు కనక పక్షపాతం లేదు, పోట్లాట లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అందరూ చూసిందే.

దేముడమ్మ బూడిదను నాలుగు పోగులు పెట్టింది. విశ్వపతిరావు గారి వైపు కూడా చూపించి, "తవరూ ఉన్నారు గదా బాబూ, తలసరి" అంది. సింహాద్రిని రెక్క పట్టుకుని సముద్రం వైపు తిప్పింది.

"ఇది ఎవులికి?"

సింహాద్రి ప్రభుత్వోద్యోగి. అయినా ముప్పై ఏళ్ళ అలవాటు నోటిని ఆపనివ్వలేదు. "బొగ్గాయనకి!" అని అరిచాడు.

"ఇది ఎవులికి?"

"కోటమ్మకి!"

నాలుగూ అయిపోయాయి. సంఘం నిర్ఘాంతపోయింది. పదకొండు రోజుల మహాసభలో, నాలుగు రోజుల విచారణలో తేలనిది ఒక్క నిమిషంలో తేలిపోవడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. తేరుకున్నాక నలుగురూ పోగుల చుట్టూ మూగారు. తన పోగు చిటికెడు ఎక్కువుందని బొగ్గాయన అన్నాడు. బాయిలరాయన జేబులోంచి టేపు తీసి కొలిచాడు. తమ పోగులోంచి తాతల కాలపు పురావస్తువు తీసేస్తే ఏమీ మిగలదని కోటమ్మ వాదించింది. మన దేశపు పోగు మన ఆత్మగౌరవానికి తగినంత పెద్దగా లేదనీ, అయినా దాన్ని తీసుకోబోమనీ విశ్వపతిరావు గారు ప్రకటించారు. వాళ్ళ వాదనలో వాళ్ళుండగా దేముడమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపల్ని కడగడానికి అలల్లోకి పోయింది.

చివరికి బాయిలరాయన అలిసిపోయి ఒక ప్రశ్న వేశాడు. "స్థానిక ఆచారం ప్రకారం, ఎవరూ ఎత్తుకోని పోగు ఎవరికి చెందుతుంది?"

సింహాద్రి ఇంకా సముద్రం వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. తిరగమని అతనికి ఎవరూ చెప్పలేదు. అమాయకుడు, ఉన్నమాట అన్నాడు. "పంచినోళ్ళకేనండి."

ఆ మాటతో నలుగురి మొహాలూ ఒకేసారి విప్పారాయి. బొగ్గాయన కోటమ్మ చేతులు పట్టుకుని ఊపాడు. బాయిలరాయన టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. బూడిదా, దానికి మూలమైన పొగా చోడిపల్లి దేముడమ్మవేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, నాలుగు దేశాల ముద్రలు వేసింది. మహాసభ మొదలైనప్పటినుంచి ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం ఇదొక్కటే. ఫొటోలు తీసుకున్నారు, కొబ్బరినీళ్ళు తాగారు, సాయంత్రం విమానాలెక్కి వెళ్ళిపోయారు.

శనివారం పొద్దున్న దేముడమ్మ మిగిలిన సగం చేపలకి మళ్ళీ ఉప్పు పట్టిస్తోంది. మళ్ళీ నాలుగెండలు మొదటినుంచి కావాలి. పైన బూడిద రాలుతూనే ఉంది, మిషను ఆపమన్న ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం ఎవరికీ గుర్తులేదు. అప్పుడు సింహాద్రి వచ్చాడు. చేతిలో సంఘం పంపిన కాగితం ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అప్పా, నన్ను తిట్టు, కొట్టు. నా నోరే నీ కొంప ముంచింది" అన్నాడు.

"సదువు ముందు."

"'నాలుగు దేశముల ఏకగ్రీవ తీర్మానము ప్రకారము సదరు పొగకు ఏకైక యజమానురాలైన చోడిపల్లి దేముడమ్మకు తెలియజేయునది ఏమనగా, మీ పొగ వలన భూగోళము వేడెక్కుచున్నది. కావున నోటీసు అందిన ఏడు దినములలోగా మీ పొగను, బూడిదను తగ్గించుకొనవలెను. లేనియెడల కఠిన చర్య గైకొనబడును.'"

చుట్టుపక్కల ఆడవాళ్ళు పోగయ్యారు. ఒకామె శాపనార్థాలు మొదలుపెట్టింది. దేముడమ్మ మాత్రం ఉప్పు చేతులతో అలాగే నిలబడి ఆలోచించింది.

"నా పొగ అని రాసుందా తమ్ముడా?"

"రాసుందప్పా. నాలుగు ముద్రలున్నాయి."

"తగ్గించీమని రాసుందా?"

"ఏడు రోజుల్లో."

"ఏడు రోజులెందుకు?" అని దేముడమ్మ చేతులు కడుక్కుంది. "పద."

ఊళ్ళో ఆడవాళ్ళందరూ వెనక నడిచారు. కంపెనీ గేటు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టి, మళ్ళీ కాగితం మీద ముద్రలు చూసి దించేశాడు. ఇంజనీరు శేషఫణి గారు బయటికి వచ్చారు. అర్జీకి జవాబు రాసినది ఆయనే.

"మిషను ఆడించండి బాబూ. నా పొగ నాను తగ్గించుకోవాల. నోటీసొచ్చింది."

శేషఫణి గారు నవ్వబోయారు. కాగితం చదివేసరికి నవ్వు సగంలో ఆగింది. "ఇది చెల్లదమ్మా. బూడిద నీదెలా అవుతుంది?" అన్నారు.

"నాది కాదా? అయితే మరెవులిదో అదే కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఎలిపోతాను."

శేషఫణి గారు కలం తీశారు. కాగితం మీద పెట్టారు. పెట్టిన చోటే ఆగిపోయారు. అది దేముడమ్మది కాదంటే, బొగ్గు దేశానిదీ కాదు, బాయిలరు దేశానిదీ కాదు, కోట్ల దేశానిదీ కాదు. అందరూ వదిలేసుకుని ముద్రలు వేసి మరీ వెళ్ళారు. ఇక మిగిలింది స్థలం ఒక్కటే. ఆయన పై అధికారికి ఫోను చేశారు. పై అధికారి ఆయన పై అధికారికి చేశారు. నాలుగు దేశాలు కలిసి కంపెనీ నెత్తి మీంచి దించిన బరువును తిరిగి ఎత్తుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అరగంట తరువాత శేషఫణి గారు కలం జేబులో పెట్టుకుని, "ఆడించమంటున్నారు... అమ్మగారూ" అన్నారు.

"ఎండలు నాలుగు పడేదాకా ఆపొద్దు" అని చెప్పి దేముడమ్మ వెనక్కి తిరిగింది.

గొట్టం మీద మళ్ళీ నీలం ఆకాశం కనపడింది. ఆమె ఒక్కతే కాదు, డెబ్భై గడపల వాళ్ళూ తాము పట్టిన ఆఖరి చేపలన్నీ ఉప్పు పట్టించి ఇసుక మీద పరిచేశారు. దేముడమ్మ గంటకోసారి తిరగేసింది, కాకుల్ని నోరారా తిట్టి తోలింది. నిషేధం మొదలయ్యే రోజు పొద్దున, చేపను విరిస్తే టక్కుమని విరిగింది. ఆమె అన్నిటినీ కుండల్లోకి ఎత్తి, మూతులకి గుడ్డలు కట్టింది.

ఆ మధ్యాహ్నమే తీర్మానంలో పొరపాటు దొర్లిందని మహాసభవారు కనిపెట్టారు. ఒక చేపలామె యజమానురాలైతే రేపు ప్రతి ఊరివాళ్ళూ గేట్ల దగ్గరికి వచ్చి ఇలాగే అడుగుతారని ఎవరికో తట్టింది. తీర్మానాన్ని రద్దు చేసి, బూడిద ఎవరిదన్న ప్రశ్నను వచ్చే ఏటి సభకు వాయిదా వేశారు. కంపెనీవారు మిషను ఆపేశారు. సాయంత్రానికల్లా గవ్వలపాలెం ఒడ్డున బూడిద రాలడం మొదలైంది. కింద ఖాళీ ఇసుక తప్ప ఏమీ లేదు.